ముక్కుతో పెట్టిన కంప్లైంట్

పోయిన వేసవిలో మేనకోడలి పెళ్లికని నేనూ, మా ఆవిడ సరళా ఢిల్లీ బయలుదేరాం. నా గురకకు బోయిగూడ ఇంటి గోడలు బీటలు వారాకే యాప్రాల్‌కు మారామని మా బంధువుల నమ్మకం. నిద్రలో ఊపిరి ఆగకుండా ముక్కుకు గాలి పంపే మిషను లేనిదే పడుకోవద్దని డాక్టరు ఆర్డరు.

ఆ మిషను బ్యాగును విమానం గేటు దగ్గరి అమ్మాయి లాక్కుంది.

"రెండో బ్యాగు కుదరదు సార్, కింద లగేజీలో వేస్తాం."

"అది పగిలితే రాత్రికి నా ఊపిరి ఆగుతదమ్మా!"

"కంప్లైంట్ యాప్‌లో పెట్టండి సార్."

విమానం ఆలస్యం. కంప్లైంట్ టైపు చేస్తూనే కుర్చీలో నిద్రపోయాను. తర్వాతి కథ సరళ చెప్పిందే. నా మొదటి గురకకు పసిపిల్లలు కెవ్వుమన్నారట. రెండోదానికి విమానం వచ్చేసిందనుకుని జనం లేచి లైను కట్టారట. పక్కాయన నన్ను తట్టబోతే, ఊపిరి ఆగుతుందేమోనని నా ఛాతీ మీదే కన్నేసి కూర్చున్న సరళ అడ్డుపడిందట.

"లేపకు అన్నా. నోటితోని చెప్తే వినలే, గిప్పుడు ముక్కుతోని చెప్తున్నడు."

"ఏందమ్మా, విమానంల సుత గిట్లనేనా?"

"కౌంటరోళ్లు గుంజుకున్న ఊపిరి మిషను ఇయ్యకుంటే గింతే!"

అంతే, జనమంతా కౌంటరు మీద పడ్డారట. నాకు మెలకువ వచ్చేసరికి బ్యాగు నా ఒళ్లో ఉంది.

పెళ్లైన నాటి నుంచీ గురక వినగానే మోచేత్తో పొడిచే మనిషి, ఆ ఒక్క మధ్యాహ్నం నన్ను తనివితీరా గురకపెట్టనిచ్చింది. ప్రేమంటే అదేననుకుంటూ విమానంలో కళ్లు మూశానో లేదో, మోచెయ్యి మళ్లీ డ్యూటీ ఎక్కింది.

— వెంకటేశం, సికింద్రాబాద్