అన్నదమ్ముల మాట కోసం సూరత్ దాకా

సూరత్‌లోని ఖటోదరాలో మనవాళ్లు ఒక సంఘం పెట్టుకుంటున్నారు. మగ్గాల మీద పనిచేసేవాళ్లలో ఎవరికైనా జబ్బు చేస్తే మిగతావాళ్లు చూసుకోవాలని. "సార్, రూల్ బుక్కు మొదట్ల రాజ్యాంగం లెక్క నాలుగు మంచి మాటలు రాసియ్యాలె" అని మా ఊరి నర్సయ్య ఫోన్ చేశాడు. ముప్పయ్యేళ్లు పౌరశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి, పిలిస్తే ఆగుతానా!

మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో బండెక్కాను. ఎదుటి బెర్తులో ఒక బ్యాంకు ఉద్యోగి. నా కాగితాలు చూసి, "మన రాజ్యాంగం బయటి దేశాల కాపీయే కదండీ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఫ్రాన్స్‌లో మోగిన మాటలే అయినా, తనకు అవి బౌద్ధం నుంచి వచ్చాయని రాజ్యాంగ రచనకు పెద్దదిక్కైన ఆయనే చెప్పుకున్నారని సోలాపూర్ దాకా వాయించాను. పాపం, ఆయన దుప్పటి ముసుగేసుకున్నాడు.

పొద్దున ఏడున్నరకు సూరత్. స్టేషన్ బయట వేడివేడి లోచో తిన్నాను. మెత్తటి శనగపిండి ముద్ద మీద నూనె, సేవ్ అనే సన్న కారప్పూస వేసి ఇస్తారు, వెళ్లినవాళ్లు వదలొద్దు. ఖటోదరాకు ఆటో వంద రూపాయలు.

పదింటికి మేడమీది గదిలో మీటింగు. కింద మరమగ్గాల మోత, పైన నా అరుపు. సౌభ్రాతృత్వం దగ్గర అందరూ తెల్లమొహం వేశారు. సులువు చేద్దామని, "ఏం లేదు, అందరం అన్నదమ్ముల్లా ఉండడం" అన్నాను. చప్పట్లు కొట్టారు. నేనూ పొంగిపోయాను.

అప్పుడు వెనక నుంచి రాజవ్వ లేచింది. భర్త పోయాక ఆయన పనిచేసిన మగ్గాల కార్ఖానాలోనే దారం కండెలు చుడుతోందట. "నా పేరు గూడ రాస్కోండ్రి. రేపు నాకేమన్నయితె ఎవలు సూస్తరు?"

"జర ఆగు రాజవ్వా. సారే చెప్పె గదా, అన్నదమ్ములని. ఆడోళ్లెట్ల అస్తరు?" అన్నాడు నర్సయ్య. ఎగతాళి కాదు, నిజంగానే అలా అర్థం చేసుకున్నాడు.

రాజవ్వ నావైపు తిరిగింది. "పోగు తెగితె నేనతుకుత సారూ. ఆడ చెయ్యా మొగ చెయ్యా అని మగ్గం అడుగుతదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. రైల్లో అంత వాయించి, ఇక్కడ అసలు సంగతే మింగేశాను. "తప్పు నాది నర్సయ్యా," అన్నాను. "బౌద్ధంలో దీనికి మైత్రి అని పేరు. అందులో అన్నలూ లేరు, తమ్ముళ్లూ లేరు. ఎదుటి ప్రాణి మేలు కోరడమే. అదే రాయి."

నర్సయ్య కాసేపు తల గోక్కున్నాడు. అన్నదమ్ములని రాసుకున్నది కొట్టేసి, "మైత్రి అంటె మంచిగనే ఉన్నది. రా రాజవ్వా, సంతకం వెట్టు," అన్నాడు. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది.

సాయంత్రం తిరుగు బండెక్కేటప్పుడు రాజవ్వ జొన్నరొట్టెలు, పచ్చికారం కట్టి పంపింది. తింటూ నా పాత నోట్సు తీశాను. సౌభ్రాతృత్వం పక్కన నా చేతిరాతే ఉంది: అన్నదమ్ముల్లా ఉండడం. ముప్పయ్యేళ్లు ఆడపిల్లల బడిలో ఇదే చెప్పాను. ఒక్క పిల్లా లేచి అడగలేదు. అడిగితే కూర్చోమనేవాణ్ణేమో.