ఆయన ముట్టని గట్క

దసరా దాటాక మా ఇంట్లో చలి మొదట వంటింటి గచ్చు మీదికి వస్తుంది. పొద్దున పొయ్యి వెలిగించడానికి వెళ్తే అరికాళ్లకు తెలుస్తుంది. మా వీధి భువనగిరి గుట్టకు పడమర పక్కన ఉంది. ఎండ గుట్ట దాటి మా గడపలోకి రావడానికి చాలాసేపు పడుతుంది. అంతవరకు వంటింట్లోనే కూర్చుంటాం.

ఈ కాలంలో వేడిగా ఏం వండుకోవాలా అని ఆలోచించడం నాకు ఏటా ఇష్టమైన పని. మా ఆయన చనిపోయిన ఏడాది మాత్రం ఆ ఇష్టం లేదు. ఒక మనిషి చేత నాలుగు ముద్దలు తినిపించడానికి వండాను. ఆ మనిషి మా అత్తమ్మ.

ఆయన పశువుల దవాఖానలో పనిచేసేవారు. ఎండాకాలం చివర ఒకరోజు గుండెల్లో నొప్పి అంటూ మధ్యాహ్నమే ఇంటికి వచ్చారు. సాయంత్రానికి లేరు. మాకు పిల్లలు లేరు. తిరుమలగిరి దగ్గర ఊళ్లో మామయ్య పోయాక, ఉన్న గొర్లను అమ్మేసి అత్తమ్మ మా దగ్గరికి వచ్చి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే.

దినాలు అయ్యేదాకా ఇంట్లో పోపు పెట్టలేదు. చావింట్లో నూనె చిటపటమనకూడదంటారు. చుట్టాలు తెచ్చిన చప్పిడి కూరలు తిన్నాం. అప్పుడు ఏది పెడితే అది అత్తమ్మ తిన్నది. దినాలయ్యి, ఇంట్లో మళ్లీ పోపు వాసన వచ్చిన తర్వాత ఆమె తినడం తగ్గింది. వానాకాలమంతా మజ్జిగ పోసిన ఇంత అన్నంతోనే గడిపింది. అది దుఃఖమనుకున్నాను. నాకూ అదే ఉంది కాబట్టి వేరే కారణం వెతకలేదు.

దసరా నాటికి ఆమె జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. ఖాళీ కడుపుతో షుగర్ గోలీ వేసుకుని, ఒకసారి బట్టలు ఆరేస్తూ కళ్లు తిరిగి కూలబడింది. అది విని మా ఆడబిడ్డ, ఆయన అక్క, చూడవచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని ఎముకలు తడిమి చూసింది. తర్వాత నన్ను పెరట్లోకి పిలిచింది.

"నిన్ను అంటలేను మరదలా. పున్నం దాక సూస్త. అప్పటికి గూడ గిట్లనే ఉంటే మా ఇంటికి తోల్కపోత."

కార్తీక పున్నమికి అంటున్నదని అర్థమైంది. తనన్నదాంట్లో తప్పులేదు. కానీ అత్తమ్మ కూడా వెళ్తే ఈ ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ ఉండరు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. సరేనని తలూపి, ఆమె బస్సెక్కాక శనగపప్పు నానబెట్టాను.

మొదట తపాలచెక్క చేశాను. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు, కారం కలిపి, గుండ్రటి తపాలా గిన్నె లోపల చేత్తో పలచగా ఒత్తాలి. వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి మూత పెట్టాలి. ఒకటి దించాక తపాలా కాలుతుంటుంది. అందులో వెంటనే ఇంకొకటి ఒత్తలేం. అందుకే మా ఇంట్లో రెండు తపాలాలు, ఒకటి పొయ్యి మీద ఉంటే ఇంకొకటి నీళ్లలో చల్లారుతుంటుంది. ఆయన పొయ్యి పక్కనే నిలబడి, ఎర్రగా మాడిన అంచు ముందు విరుచుకునేవారు. ఈసారి ఆ పక్కన ఎవరూ లేరు. అలవాటుగా రెండు తపాలాలూ అరలోంచి దించాను గానీ ఒకటే సరిపోయింది. అత్తమ్మ చిన్న ముక్క తీసుకుని బయటికి వెళ్లింది. కాసేపటికి చూస్తే అది పిట్టగోడ మీద ఉంది. కాకి లాక్కుపోతున్నది.

తర్వాత ఉలవకట్టు. ఉలవలు మెత్తగా ఉడికించి, ఆ నీళ్లు వంచి, చింతపులుసు పోసి చిక్కబడేదాకా మరిగించాను. చలికి అంతకన్నా మంచిది లేదని ఆమే నాకు నేర్పింది. గిన్నె ముందు కూర్చుంది, ఆవిరి పోయేదాకా చూసింది. ఒంట్లో బాగాలేదు, రేపు తాగుతానన్నది. రేపు కూడా మజ్జిగే తాగింది. నేను ఒక బడి లైబ్రరీలో పనిచేస్తాను. సాయంత్రం వచ్చి వండటం నాకు బరువనిపించలేదు. వండింది వండినట్టే చిన్న గిన్నెలోకి మార్చి మూత పెట్టడం దగ్గర ఒళ్లు అలిసిపోయేది.

దీపావళి మాకు లేదు. ఏడాది నిండని ఇల్లు కాబట్టి పక్కింటివాళ్లే పళ్లెంలో గారెలు పంపారు. ఆ తర్వాత మార్కెట్లోకి లేత అనపకాయలు వచ్చాయి. ఆదివారం సంచి నిండా తెచ్చి వాకిట్లో పోశాను. అత్తమ్మ తనంతట తనే వచ్చి కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది. నా చేతులు నెమ్మదిగా ఆడుతున్నాయని ఎగతాళి చేసింది. పుస్తకం తిప్పినట్టు కాయ తిప్పితే గింజ రాదన్నది. పుచ్చు గింజలు ఏరి పారేసింది. చాలా నెలల తర్వాత ఆమె అలా మాట్లాడటం విన్నాను. ఈరోజు తింటుందనుకున్నాను.

అనపగింజల కూర, సజ్జ రొట్టె పళ్లెంలో పెట్టాను. ఆమె పళ్లెం ఒళ్లోకి తీసుకుంది. రొట్టె తుంచి, కూరలో ముంచకుండా పట్టుకుని కూర్చుంది. తర్వాత పళ్లెం మెల్లగా నా వైపు జరిపింది.

"నా చేతి వంట పోతలేదా అత్తమ్మా?"

"నీ చేతికేమైంది బిడ్డా."

"మరెందుకు తింటలేవు? పున్నానికి వదినె నిన్ను తోల్కపోతనన్నది. తెలుసా?"

తెలుసన్నట్టు చూసింది. కింద పడిన తొక్కలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకున్నది. చివరికి అన్నది.

"వాని పేరు మీద ఇడిసిపెట్టిన. ఏడాది దాక, వాడు ఇష్టంగ తినేది నా నోట్ల పెట్ట."

మా వైపు పోయినవాళ్ల పేరు మీద ఒక పండో, ఒక కూరో విడిచిపెట్టేవాళ్లు ఉన్నారు. సాధారణంగా ఒక్కటి. ఏమేం విడిచిపెట్టావని అడిగాను.

"వాడు ఏం తినకపోతుండె?" అన్నది.

నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, విడిచిపెట్టింది చెప్పుకుంట తిరుగుతరా అన్నది.

ఆ పళ్లెం నేనే తిన్నాను. తింటూ లెక్క వేసుకున్నాను. చలికాలానికని నాకు వచ్చిన వంటలన్నీ ఆయనకు ఇష్టమైనవే. పెళ్లయిన కొత్తలో ఆయన దేనికి రెండోసారి చెయ్యి చాస్తే దాన్నే మళ్లీ వండాను. అలా వండగా వండగా అవే నా వంటలయ్యాయి. ఆమెకు ఊరటగా ఉంటుందని వాటినే రోజుకొకటి తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను. మొక్కు వదిలెయ్యమని అడగాలనిపించలేదు. ఆమె దగ్గర మిగిలింది అదే.

ఆయన తిననిది ఏమిటని రెండు రోజులు ఆలోచించాను. కాకరకాయ ఉంది, కానీ అది అత్తమ్మ కూడా తినదు. అప్పుడు గట్క గుర్తొచ్చింది.

జొన్నలు రవ్వగా పట్టించి ముద్దగా వండితే గట్క. ఆయన చిన్నప్పుడు గొర్ల వెంట వెళ్లే ముందూ అదే, వచ్చాకా అదే. నౌకరీ వచ్చాక ఇక దాని మొహం చూడనన్నారు. నా కాపురంలో ఒక్కసారి కూడా వండనివ్వలేదు, దాంట్లో ఆకలి వాసన వస్తుందనేవారు. అత్తమ్మ మా ఇంటికి వచ్చాక ఎప్పుడూ అడగలేదు, అన్నమే తిన్నది.

జొన్నల ధర ఇప్పుడు బియ్యం కన్నా పిరం. కొని పిండి గిర్నీకి తీసుకెళ్తే, రొట్టెలకేనా అని గిర్నీ అతను మెత్తగా పట్టబోయాడు. రవ్వ కావాలంటే ఎవరికైనా జ్వరమా అని అడిగాడు.

పున్నమి పొద్దున ఎసరు పెట్టాను. రవ్వ పోస్తుంటే ఉండలు కట్టింది. ఎంత కలిపినా విడలేదు. వాసనకు అత్తమ్మ వంటింటి గడప దగ్గరికి వచ్చింది.

"ఏంది బిడ్డా గది?"

"గట్క. ఆయన ముట్టకపోతుండె గద."

ఆమె లోపలికి వచ్చి గిన్నెలోకి వంగి చూసింది.

"గిది గట్కనా, గోడకు పూసే సున్నమా?" అని నా చేతిలోంచి తెడ్డు తీసుకున్నది. మంట తగ్గించమన్నది. గిన్నె అంచుకేసి ఉండలు నలుపుతూ చాలాసేపు తిప్పింది. మధ్యలో ఊపిరి అందక ఆగింది. నేను తెడ్డు అడిగితే ఇవ్వలేదు.

అప్పుడే ఆడబిడ్డ వచ్చింది. తల్లి బట్టలకని ఖాళీ సంచి తెచ్చుకున్నది. పొయ్యి దగ్గర తల్లిని చూసి సంచి తలుపు పక్కన పెట్టి, తనకూ పెట్టమన్నది. ముగ్గురం అక్కడే కూర్చున్నాం. నేను పచ్చిపులుసు చేసి ఉంచాను. అత్తమ్మ దాన్ని పక్కకు జరిపింది. అదీ ఆయనకు ఇష్టమే, నేను మరిచాను. గట్కలో మజ్జిగ పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తిన్నది. మొదటి ముద్ద నెమ్మదిగా, తర్వాత మామూలుగా. మేమిద్దరం ఆమె వైపు చూడకుండా తిన్నాం. పళ్లెం ఖాళీ అయ్యాక ఇంకొంచెం వేయమన్నది.

రెండోసారి వేశాక ఆమె చెయ్యి ఆగింది.

"పొద్దున గట్క, మాపు గట్క. వాడు ఏడ్సేటోడు. వానికొక్కనికి పిడికెడు బియ్యం గుడ్డల మూటగట్టి గట్కలనే ఉడకేస్తుంటి."

ఆడబిడ్డ తలెత్తింది. "నాకెన్నడు ఎయ్యలేదు గద."

"నువ్వు ఏడ్వకపోతుంటివి."

నేను అత్తమ్మ పళ్లెం వైపే చూస్తున్నాను. ఆయన లేని వంట అని దీన్ని వెతికాను. ఇందులోనూ ఆయన ఉన్నారు. ఇప్పుడు ఇది కూడా పక్కన పెడుతుందనుకున్నాను.

"మూట వానిది. గట్క మాది," అని అత్తమ్మ చెంబులోంచి ఇంకాస్త మజ్జిగ పోసుకుని కలుపుకున్నది.

తిన్నాక గోలీ అడిగి వేసుకున్నది. మాపటికి కొంచెం ఉంచమన్నది. ఆడబిడ్డ సాయంత్రం బస్సుకు ఒక్కతే వెళ్లింది. ఆమె ఖాళీ సంచిలో మిగిలిన అనపగింజలు పోసిచ్చాను.

వాళ్లిద్దరి ముందు అనలేదు గానీ, గట్క నాకు నచ్చలేదు. ఆయన చెప్పిన వాసన నిజంగానే ఉంది. మాపు మళ్లీ వేడి చేసి, ఆమెకు ఇంత పెట్టి, నేనూ ఇంత పెట్టుకున్నాను.