నాన్న చెవికి ఆనిన స్క్రూడ్రైవర్

అంబాసిడర్ కారు రెగ్జిన్ సీట్ల వాసన మీలో ఎవరికైనా గుర్తుందా? చిల్లకూరులో నాన్న మెకానిక్ షెడ్డంతా అదే వాసన. నడుస్తున్న ఇంజిన్ మీద స్క్రూడ్రైవర్ మొన పెట్టి, పిడికి చెవి ఆనించి జబ్బేంటో చెప్పేవాడు. నన్నూ పిలిచి, "ఇను పాపా, దగ్గతా ఉండాది" అనేవాడు.

ఆ కార్ల తయారీ ఆగిపోయింది. షెడ్డూ మూతపడింది.

నిన్న ఒక విదేశీ కారు లోపల ఏదో కొట్టుకుంటున్న చప్పుడుతో వచ్చి మా ఇంటి ముందు ఆగింది. నాన్న గబగబా లోపలికెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. బానెట్ కింద అంతా నల్లటి ప్లాస్టిక్ మూత. ఎక్కడ ఆనించాలో వెతుకుతుంటే కారాయన అడ్డొచ్చాడు.

"చెయ్యి పెట్టబాకండి పెద్దాయనా, కంపెనీవాళ్ళు కంప్యూటర్ తెస్తా ఉండారు."

నాన్న అరుగు మీద కూర్చుండిపోయాడు.

"బాగు చెయ్యనీకపోయినా పర్లేదు పాపా, ఇననన్నా ఇననీలేదు."