చివరి బొమ్మకి నా పిడికిలి

మా మనవరాలు ఏడో క్లాసులో ఉన్నప్పటి మాట. అమెరికాలో శాంటా క్లారా ఊరికి వెళ్లే రైల్లో మా ఎదురుగా ఒక జపాన్ పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్లో తెల్లకాగితాలు. ఎడమచేతి పిడికిలి బిగించి, అది చూసి గీద్దామనుకుంటాడు, ఆ వేళ్లు సగం ముడుచుకుని ఆగిపోతాయి.

పిల్ల ఇంగ్లీషులో మాట కలిపి నాకు చెప్పింది. "అమ్మమ్మా, ఈ అంకుల్ కరాటే బొమ్మల కథలు గీస్తారంట. లైఫంతా తన పిడికిలి చూసే గీశారంట. ఇప్పుడు అది క్లోజ్ అవట్లేదు. ఆఖరి కథలో ఆఖరి బొమ్మ మిగిలిపోయిందంట. నీ చెయ్యి చూపిస్తావా?"

"పచ్చళ్లు నూరిన చెయ్యి, చూపించకేం!" అని బిగించాను. ఆయన నవ్వి, లోపల ముడుచుకున్న నా బొటనవేలిని మెల్లగా బయటికి తీసి పెట్టాడు.

"అలా కొడితే నీ వేలే విరుగుతుందంట. ఎవర్నీ కొట్టలేదా నువ్వు?" అంది పిల్ల.

"మీ తాతనే కొట్టలేదే!"

ఆయన గీశాడు. గీత వణికింది. చెరిపి మళ్లీ గీశాడు. మళ్లీ వణికింది. ఆ జబ్బు కుడిచేతికీ వచ్చిందా తండ్రీ, అనుకున్నాను. ఇంతలో ఆయన స్టేషన్ వచ్చేసింది. కాగితాలు మూసి, నా పిడికిలికి తల వంచి దిగిపోయాడు.

"చెయ్యి దించు అమ్మమ్మా, వెళ్లిపోయారు" అంది పిల్ల.

రైలు కదిలినా నాకు వేళ్లు విప్పబుద్ధి కాలేదు.