కొత్త కాకముందు చిక్కుళ్ళు

మా అమ్మకి కోపం ముక్కు మీద ఉండేది. ఆ కోపం అచ్చంగా నాకే వచ్చిందని మా ఊళ్ళో అంటారు. అంటే అననీ. ఆవిడ నాకిచ్చిన ఆస్తి అదొక్కటే, తమ్ముడితో పంచుకోవాల్సిన పని కూడా లేదు.

చిన్నప్పుడు ఒక చలికాలం, కంచె మీద పాకిన పాదు నుంచి లేత చిక్కుడుకాయ తెంపి నోట్లో పెట్టుకోబోయాను. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ ఎలా చూసిందో, ఎప్పుడు లేచిందో గానీ వీపు మీద చెళ్ళుమని ఒకటి పడింది. "కొత్త అవలేదు. ఏటి సేత్తన్నావే?" అంది. మా కొండల్లో ఏ పంటనైనా ముందు అమ్మవారికి పెట్టి పండుగ చేశాకే మనుషులు నోట పెడతారు. ఆ పండుగనే కొత్త అంటాం. మామిడికొక కొత్త, కొర్రలకొక కొత్త, చిక్కుళ్ళకొక కొత్త. ఆ రోజు ఎప్పుడో చూసి చెప్పేది ఊరికి ముహూర్తాలు పెట్టే పెద్దాయన, దిసారి. ఆయన చెప్పక ముందే ఎవరు తిన్నా ఊరందరికీ కీడని నమ్మకం. చెప్పేది దిసారే అయినా మా వీధిలో కాపలా మాత్రం మా అమ్మదే. పిల్లలు పాదు వైపు చూసినా ఊరుకునేది కాదు.

ఆవిడకి ఇంకో పిచ్చి ఉండేది, సంత. వారానికోసారి తెల్లారకుండానే గంప నెత్తిన పెట్టుకుని కొండ దిగి డుంబ్రిగుడ సంతకి వెళ్ళేది. అల్లమో, పసుపో, చిక్కుళ్ళో, ఏదో ఒకటి. ఏమీ లేకపోతే నాలుగు చీపురుకట్టలైనా పట్టుకుపోయేది. అమ్మకం ఒక వంకే. సంతలో ఆవిడకి తెలియని మనిషి ఉండేది కాదు. సాలూరు నుంచి చీరల మూట తెచ్చే ఆయన దగ్గర్నుంచి ఉప్పు అమ్మే ముసలమ్మ దాకా అందరి ఇళ్ళలోని సంగతులూ ఆవిడకి కావాలి. సాయంత్రం ఇంటికొచ్చి ఆ కబుర్లన్నీ మాకు వంట చేస్తూ చెప్పేది. కూరలో ఉప్పు మరిచిపోయినా కబుర్లలో మాత్రం ఉప్పూ కారం తగ్గేవి కావు.

నేను మిషన్ హాస్టల్లో చదువుకుని ఆరోగ్య కార్యకర్తనయ్యాను. మండలంలోని ఊళ్ళన్నీ తిరగడమే నా పని. టీకాలు, బీపీ, షుగరు, గర్భిణుల లెక్క. ఆమధ్య మమ్మల్ని శిక్షణకి పిలిచారు. పెద్దవాళ్ళకొచ్చే మతిమరుపు జబ్బు గురించి ఊరూరా చెప్పమని బొమ్మల చార్టు ఇచ్చారు. పాఠం చెప్పే మేడమ్ ఒక్కో బొమ్మ తిప్పుతోంది. అడిగిందే అడగడం, తెలిసిన దారి తప్పడం, ఉన్నట్టుండి అనుమానాలు. పక్కనున్నవాళ్ళు రాసుకుంటున్నారు. నేను కలం పక్కన పెట్టేశాను. అప్పటికే మా అమ్మ సంత కాని రోజు గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరుతోంది. మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది, ఆయనకింకా అన్నం తీసి మూత పెడుతోంది. వయసు మీద పడింది, చాదస్తం అనుకున్నాం అందరం.

విశాఖ తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చూపించాను. డాక్టరు నెమ్మదస్తుడు. మాత్రలు కొంత నిలబెడతాయి, తిరిగి మామూలవడం ఉండదమ్మా అన్నాడు. బయటికొచ్చాక అమ్మ నన్ను చూసి, "ఎవులికి బాగోలేదే?" అని అడిగింది. జీడిపళ్ళ బండి కనబడితే అటు తీసుకెళ్ళాను.

ఆ చార్టు పట్టుకుని ఊళ్ళు తిరగడం ఒక తమాషా. మొదటి బొమ్మలో కళ్ళద్దాల తాతగారు సోఫా కింద వంగి వెతుకుతుంటాడు. ఒక ఊళ్ళో ఓ అవ్వ అడిగింది, "ఆయనేటి ఎతుకుతున్నాడు గుంటా?" అని. కారు తాళాలు అవ్వా అన్నాను. "కారున్నోడికి డ్రైవరుండడా?" అంది. అందరూ నవ్వారు. ఇంకో బొమ్మలో గ్యాసు పొయ్యి ఆర్పడం మరిచిపోయిన మామ్మ. మా కట్టెల పొయ్యి దానంతటదే ఆరిపోతుంది, ఎవరికేం అర్థమవుతుంది? మెదడు బాగుండాలంటే బీపీ మాత్రలు మానకూడదు, చెవి వినబడకపోతే చూపించుకోవాలి, నలుగురితో మాట్లాడుతుండాలి, తాగుడు తగ్గించాలి అని చెబితే, ఒక తాత జీలుగుకల్లు కుండ వైపు చూసుకుని, "అయితే ఆ జబ్బే నయం" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, నేను ఇంట్లో రోజూ ఓడిపోతూ రచ్చలో పాఠాలు చెబుతున్నాను.

మా ఊరి వంతు ఇంకా రాలేదు. ఈలోగా చిక్కుళ్ళు కాశాయి.

కొత్తకి దిసారి ఇంకా రోజు చూడలేదు. తమ్ముడు కాఫీ తోటకి వెళ్ళాడు. అమ్మ తీరిగ్గా పాదు దగ్గరికెళ్ళి ఒడినిండా కాయలు కోసింది. కూర వండింది, తాను తింది. అప్పుడే పొలం నుంచి వస్తున్న పక్కింటి వదినని పిలిచి ఆకులో రాగిముద్ద, పక్కన కూర పెట్టింది. వదిన ఆకలి మీద ఉంది, చూసుకోలేదు. సగం తిన్నాక నోట్లో ఏముందో తెలిసి లేచి బయటికెళ్ళి ఉమ్మేసింది. తాను తిని తప్పు చేస్తే అదొకటి. ఇంకొకరి చేత తినిపించడం మా ఊళ్ళో ఎన్నడూ విన్నది కాదు. అందులోనూ ఎవరు? మా అమ్మ.

డ్యూటీ మీద వేరే ఊళ్ళో ఉన్న నాకు ఫోన్ చేసింది తమ్ముడు. మా వైపు అక్కని అప్ప అంటాం. "అప్పా, పెద్దోలు కూకున్నారు. కొత్త అయిందాకా అమ్మని గుమ్మం దాటనియ్యొద్దన్నారు. తరవాత కూడా సంతకి పంపొద్దంటన్నారు. మల్లీ ఎవులికేటి పెట్టేత్తదోనని. తలుపుకి తాళం ఏసెయ్యనా?"

"తాళం ఏసావంటే నీ చెయ్యి ఇరగ్గొడతాను" అన్నాను. అని, బస్సెక్కాను.

వెళ్ళేసరికి తలుపు గొళ్ళెం పెట్టి ఉంది. లోపల్నుంచి అమ్మ గొంతు. "ఒరే, గంప ఏదిరా? పొద్దెక్కిపోతంది. బేగి రా." ఆ రోజు సంత కాదు. నేను గొళ్ళెం తీసి లోపలికెళ్ళాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ గంప కోసం మూలలు వెతకడం మొదలుపెట్టింది. సంత ఒక్కటే ఆవిడని ఈ లోకానికి కట్టి ఉంచిన తాడు. అది తెంపేస్తే ఆ నాలుగ్గోడల మధ్య ఎన్నాళ్ళుంటుంది? అంతకంటే పెద్ద భయం నాకింకేదీ లేదు.

మర్నాడు పొద్దున ఊరి మధ్య రాతిపలకల మీద అందరూ కూర్చున్నారు. నేను చార్టు తీసుకెళ్ళలేదు. కారు తాళాల తాతతో మా ఊరికేం పని? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, ఆ పనే చేశాను. మా అమ్మ చేస్తున్నవన్నీ, చెప్పుకోడానికి నోరు రానివి కూడా, అందరి ముందూ చెప్పాను. బట్టలు తడుపుకోవడం చెప్పాను. తమ్ముణ్ణి దొంగ అనడం చెప్పాను. ఇది గాలి సోకడం కాదు, చేతబడి కాదు, తలలోపల వచ్చే జబ్బు అన్నాను. ఎవరికైనా రావచ్చన్నాను.

దిసారి తాత అంతా విన్నాడు. కఠినుడు కాదు ఆయన. ఊరి మంచీ చెడూ తన మెడకి చుట్టుకున్న మనిషి. "జబ్బే అనుకో గుంటా. తెలిసి తిన్నా తెలీక తిన్నా తప్పు తప్పే. రేపు ఊల్లో పిల్లలకేటైనా అయితే నన్నడుగుతారు, నిన్నడగరు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "తాతా, పాలు తాగే పిల్ల పాక్కుంటా ఎల్లి సిక్కుడుకాయ నోట్లో ఎట్టుకుంటే తప్పు కడతావా?" అని అడిగాను.

"పిల్లకెలా కడతాం. పిల్లకేటి తెలుసు?"

"మా యమ్మకి మాత్రం ఏటి తెలుసు? ఈ ఊల్లో కొత్తని అందరికంటే గట్టిగా పట్టిందెవులు? నువ్వే సెప్పు. అలాంటి మడిసి కొత్తనే మరిసిపోయిందంటే ఇంక ఆవిడ తలలో ఏటి మిగిలినట్టు?"

అక్కడున్న ఆడవాళ్ళలో సగం మంది చిన్నప్పుడు మా అమ్మ చేతి దెబ్బ తిన్నవాళ్ళే. "పట్టిందంటే మీ యమ్మే పట్టింది" అన్నాడు తాత చివరికి. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాడు. ఈవేళ నుంచి ఆవిడ పిల్లల లెక్క, పిల్లలకి కొత్త లేదు, ఏది తిన్నా తప్పు లేదు. ఇంకొకరికి పెట్టినందుకు మాత్రం ఒక కోడిని అమ్మవారికి ఇయ్యమన్నాడు. తమ్ముడు గబగబా తలూపాడు.

"మరి సంతకి?" అన్నాను.

పక్కింటి వదిన లేచింది. కూర ఉమ్మేసిన మనిషి ఆవిడే. "నాతో తీసుకెల్తాను. పక్కనే కూకోబెట్టుకుంటాను. ఆకలిగా ఉన్నానని పిలిసి పెట్టిన సెయ్యి అది, ఒగ్గేత్తానా?" అంది.

నేను గెలిచాను. ఊరు ఊరంతా నా మాట వింది. ఇంటికొచ్చి పెరట్లో చిక్కుడు పాదు వెనక కూర్చుని ఏడ్చాను. పెద్దమనిషిని పాలు తాగే పిల్లని చేసి గెలిచాను మరి. ఇకనుంచి మా అమ్మ ఏం చేసినా ఎవరూ ఏమీ అనరు. నాకు ఆ అమ్మ కావాలి, కాయ తెంపితే వీపు పగలగొట్టే అమ్మ. నా నోటికి తగిన నోరు ఈ కొండల్లో ఆవిడదొక్కటే. పోట్లాడదామంటే ఎదురుగా కూర్చుని నవ్వుతోంది.

ఆ తర్వాత ఊళ్ళకి వెళ్ళినప్పుడు చార్టు తెరిచినా మొదటి బొమ్మ చూపించడం మానేశాను. "మీ ఇంట్లో కొత్తని గట్టిగా పట్టే పెద్దోలు కొత్త అవకుండానే తింటన్నారా? సంత రోజు మరిసిపోతన్నారా? అది ఆశ కాదు, అమ్మోరి కోపం కాదు. కొట్టకండి, కట్టెయ్యకండి. నాకు కబురెట్టండి" అని చెబుతున్నాను. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. ఒకచోట ఒకావిడ అందరూ వెళ్ళాక ఆగి, "మా మావ కూడా అలాగే తినేసాడమ్మా. మేం కొట్టాం" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడతో వాళ్ళింటికి వెళ్ళాను.

ఊళ్ళలో నేను చెప్పే మాట ఇంకొకటుంది. వాళ్ళు ఏదన్నా కాదనకండి, సరిదిద్దకండి, వాళ్ళు ఎక్కడుంటే మీరు అక్కడికే వెళ్ళండి అని. నోటితో చెప్పడం సులువు.

చిక్కుళ్ళ కొత్త అయిపోయాక ఒక సంత రోజు, డ్యూటీ చీరలోనే డుంబ్రిగుడ సంతలో దిగాను. పట్టా మీద చిక్కుళ్ళు కుప్పలు పోసుకుని అమ్మ కూర్చుంది, పక్కన వదిన. డబ్బులు వదిన తీసుకుంటోంది, మాటలు అమ్మవి. ఎన్నాళ్ళకో ఆ ముఖంలో కళ చూశాను. దగ్గరికెళ్ళి నిలబడ్డాను. వదిన ఏదో చెప్పబోతే వద్దని సైగ చేశాను.

"రండమ్మా, ఏటి కావాలి మీకు? లేతయి, సూడండి" అంది అమ్మ.

పుట్టి ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మీరు అనడం ఎరగను. ఒసే అనేది, ఏటే అనేది, కోపమొస్తే ఇంకా చాలా అనేది. ఒక కుప్ప చూపించాను. సంచిలో పోసింది. నా ముఖం కేసి కాసేపు చూసి, ఇంకో గుప్పెడు తీసి పైన వేసింది.

"ఇది కొసరు. నాకూ మీయంత కూతురుంది. ఆస్పత్రిలో పని. తీరికుండదు దానికి. ఈవేల వత్తదేమోనని సూత్తన్నాను" అంది.

"వస్తుందిలే అమ్మా" అన్నాను.

"మీకు అమ్మ ఉందా?"

"ఉంది."

"మరిక్కడేటి నిలబడ్డారు? పొద్దోతంది, బేగి ఎల్లండి. ఎదురు సూత్తంటది."

"ఎల్తానమ్మా" అన్నాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడ్డాను.