ఆయుధ పూజకు ఒక లెన్సు

మా ముత్తాత పెనుకొండ చుట్టుపక్కల ఊళ్లకు మునసబు. పెద్ద అధికారులు గుర్రం దిగితే ముందుగా ఎదురెళ్లే మర్యాద ఆయనది. ఆయన కొడుకు, అంటే మా తాత, తాలూకా బోర్డు సభ్యుడు. ఊరి తగవులు మా అరుగు మీదే తెగేవి. నేను ఎర్రమంచి దగ్గర కార్ల విడిభాగాల గోదాములో స్టోర్సు చూస్తాను. మా వంశంలో జీతానికి పనిచేసిన మొదటివాణ్ణి నేనే. ఆ సంగతి దాచను.

వేట మీద నిషేధం వచ్చాక తాత బెంగళూరు నుంచి ఒక కెమెరా, మూరెడు పొడవున్న టెలిఫోటో లెన్సు తెచ్చాడు. దూరం నుంచి జింకను పట్టేది కాబట్టి ఆయన లెక్కలో అదీ ఆయుధమే. తుపాకుల బీరువాలోనే దానికి చోటిచ్చాడు. మహర్నవమి నాడు తుపాకులతో పాటు దానికీ పూజ జరిగేది. పూజయ్యాక తాత మిద్దె మీదికెక్కి గాలిలోకి ఒక గుండు పేల్చేవాడు. తర్వాత లైసెన్సులు పోయాయి, తుపాకులూ పోయాయి. నాయన మాత్రం ఆ మర్యాద మానలేదు. గుండుకు బదులు, కొండ మీది బురుజుకు లెన్సు గురిపెట్టి ఒకే ఒక్క ఫోటో తీసేవాడు.

పోయిన ఏడు ఆ ఫోటో పడలేదు. వెలుతురు తగ్గించే రింగు కదలకపోతే నాయన బలంగా తిప్పాడు. లోపల ఏదో చిటుక్కుమంది. ఈ ఏడు పండగ దగ్గర పడుతుంటే ఆయన తేల్చి చెప్పాడు.

“పలకని ఆయుధానికి పూజేంటికిరా? ఈతూరి వద్దులే.”

“పలుకుతాది నాయనా.”

“నీకేం తెల్సురా దాని సంగతి?”

“తెలుసుకుంటా.”

తుపాకులు పోయినప్పుడు కూడా ఆగని పూజ అది. నా కాలంలో ఆగడానికి నేను ఒప్పుకోలేదు.

లెన్సు వెనక మరలు విప్పి చూశాను. లోపల ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండే పలుచని నల్ల రేకులు. రింగు తిప్పితే అవి దగ్గరికి ముడుచుకుని వెలుతురును తగ్గిస్తాయి. అన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. మా అవ్వ బతికినంత కాలం, తుపాకులకు పట్టించినట్టే ప్రతి పూజకూ దూదితో దీనికీ నువ్వుల నూనె పట్టించింది. లోపలికి ఇంకిన ఆ నూనె బంకలా గట్టిపడింది. నాయన బలానికి ఒక రేకు వంగి, దాని చివర ఆవగింజలో సగం ఉండే మేకు ఊడిపోయింది. ఆ మేకు గాడిలో జారితేనే రేకు కదిలేది.

హిందూపురంలో గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. భూతద్దం కంటికి పెట్టుకుని లోపలికి చూశాడు.

“ఏమప్పా, దీంట్లో బోండాలేమన్నా ఏసినారా? ఇంత నూనె ఉండాది.”

“పూజకు పెట్టింది.”

“కెమెరాకా?”

“ఆయుధానికి.”

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

“టంకం పెడితే రేకు చెడిపోతాదప్పా. దుడ్లు తీసుకుని పాడు చేసేది నాకొద్దు. ఇట్లాంటిదే మూలపడిన లెన్సు దొరికితే దాంట్లో రేకు తీసి ఏసుకో. ధర్మవరంలో పాత స్టూడియో ఉండాది, ఆయప్పనడుగు.”

ఆ స్టూడియో యజమాని నాకు తెలుసు. పాత కెమెరాలు పోగుచేసే మనిషి. వాటిని పెట్టుకోవడానికి మా తుపాకుల బీరువా అమ్ముతారా అని ఒకసారి ఇంటికొచ్చి అడిగితే, నాయన మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపేశాడు. ఇప్పుడు నేను ఆయన మెట్లెక్కాలి. ఎక్కాను.

ఆయన అటక మీంచి ఒక లెన్సు దించాడు. అదే కంపెనీ, అదే కొలత. అద్దాలకు బూజు పట్టింది గానీ రేకులు బాగున్నాయి.

“ఊరికే తీసుకుపో అప్పా. నాకేం పనికొస్తాది ఇది.”

“ఊరికే తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు.”

“చెత్తకు రేటు యాడ కడతారప్పా?”

“మా బీరువా మీకింకా కావాల్నా?”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “ఇంత రేకుకు టేకు బీరువానా? ఇంత బిగువు పనికిరాదప్పా.”

“బీరువా ధరలో రేకు ఖరీదు మీరే కట్టి, పట్టుకుని, మిగిలింది ఇయ్యండి.”

“మీ నాయన ఒప్పుకుంటాడా? పోయినసారి నీళ్లు గూడా ఇయ్యలేదు.”

“ఈసారి ఇస్తాం.”

ఇంటికొచ్చి చెప్పాను. నాయన లేచి బీరువా దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

“నన్నడక్కుండానే మాటిచ్చినావా?”

“ఇచ్చినా.”

“పూజ ఆయుధానికిరా, బీరువాకు కాదు. పోనీ.” మొలతాడుకున్న తాళంచెవి విప్పి నా ముందు పెట్టాడు.

రేకులన్నిటినీ పెట్రోలులో కడిగి తెల్లబట్ట మీద ఆరబెట్టాను. అసలు కష్టం పేర్చడంలో ఉంది. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చి, చివరి రేకు కొసను మొదటి రేకు కిందికి దూర్చాలి. దూర్చబోతే మొదటిది లేచేది. అది లేస్తే అన్నీ చెదిరేవి. మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. రేకులు ఎగిరిపోతాయని నాయన ఫ్యాను ఆపి, చెమటలు తుడుచుకుంటూ ఎదురుగా కూర్చున్నాడు. రెండు ఆదివారాలు అలాగే పోయాయి. మూడో ఆదివారం చివరి రేకు కుదిరింది. రింగు తిప్పితే కంటిపాప ముడుచుకున్నట్టు వెలుతురు ముడుచుకుంది. నాయన లెన్సు అందుకుని, తనే మళ్లీ మళ్లీ తిప్పి చూసుకున్నాడు. ఈసారి మెల్లగా తిప్పాడు.

పండగకు ముందే స్టూడియో ఆయన టెంపో తెచ్చాడు. నాయన చెంబుతో నీళ్లు తెచ్చి స్వయంగా అందించాడు.

మహర్నవమి నాడు లెన్సును పీట మీద పెట్టాం. మూతకు మాత్రమే బొట్టు, నూనె లేదు. పూజయ్యాక నాయన మిద్దెక్కి బురుజు ఫోటో తీశాడు. బురుజు రాళ్ల సందులు కూడా విడివిడిగా వచ్చాయి.

తుపాకుల బీరువా అమ్మేశాం. టేకుది, అద్దాల తలుపులది, ఐదు తుపాకులు పట్టేది. తాళంచెవి కూడా ఇచ్చేశాం.