రాక్షసుడి చిలుకకు చార్జింగు

ఆ రోజుల్లో, అంటే కొత్త రాష్ట్రం వచ్చి ఆఫీసు బోర్డుల మీద రంగు ఇంకా ఆరనప్పుడు, నాకు తల నిండా జుట్టూ, నాకన్నా బాగా కథ చెప్పేవాడు పాలమూరు జిల్లాలోనే లేడన్న నమ్మకమూ ఉండేవి. (జుట్టు పోయింది. నమ్మకం కాస్త పలచబడింది, అంతే.) కొల్లాపూర్ దగ్గర ఒక ఆడపిల్లల గురుకులంలో సైన్సు చెప్పేవాడిని. సాయంత్రం చదువుల వేళ తొమ్మిదో తరగతి పిల్లలు పుస్తకాల మీదే తూగుతుంటే, వాళ్లను లేపడానికి ఒక కథ ఎత్తుకున్నాను. అవ్వలు చెప్పే పాత కథే: ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకున్న రాక్షసుడు, వాడు ఎత్తుకుపోయిన రాజకుమారి. సముద్రాలు తీసేసి ఏడు గ్రహాలు పెట్టాను. చిలుకను చార్జింగుతో నడిచే మరచిలుకగా మార్చాను. రాజకుమారిని అంతరిక్ష నౌకలో బంధించాను. పిల్లలు నిద్ర మరిచి ఊ కొట్టేవారు.

ఒక్క పిల్ల తప్ప. నది ఒడ్డు పల్లె నుంచి కొత్తగా చేరింది. ఎవరితోనూ మాట్లాడదు, సరిగా తినదు. తోటిపిల్లలు 'సైలెంటు' అని పేరు పెట్టారు. కానీ కథ వేళకు మాత్రం ముందు వరుసలో కూర్చుని, రెప్పవేయకుండా నా నోటివైపే చూసేది. నా ప్రతిభకు అంతకంటే రుజువేముందని పొంగిపోయాను. ఒక శనివారం గొప్పగా ముగించాను: రాజకుమారుడు నౌకను ఎదుర్కొని, రాజకుమారిని తన రాకెట్లో ఎక్కించుకుని, తెచ్చి వాళ్ల నాయిన ఇంటి ముందు దించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సైలెంటు లేచి వెళ్లి ట్రంకుపెట్టె సర్దుకుంది.

"సార్, రాజకుమారే ఇంటికి పోయింది, నేనెందుకుండాలె అంటాంది సార్" అని పిల్లలు పరుగున వచ్చి చెప్పారు. అప్పటికే ఆ పిల్ల వార్డెను ఫోన్‌లో తండ్రిని రమ్మని చెప్పేసిందట.

ఆదివారం పొద్దున్నే ఆయన వచ్చాడు. భుజాన తువ్వాలు, కాళ్లకు ఎర్రమట్టి. "ఉండనంటే ఏంజేస్త సారూ? మా పత్తిచేన్ల గూడ కలుపు తీసే మనిషి లేదు. తోల్కపోత" అన్నాడు. ఒకసారి చేనులోకి దిగితే ఆ పిల్ల మళ్లీ బడికి రాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నేను చెప్పిన హితబోధ అంతా తలవంచుకుని విన్నాడు గానీ ఒక్కటీ చెవికెక్కలేదు. బస్సుకు ఇంకా కొంత సమయముంది. ఏమీ తోచక, "ఒక కథ చెప్తా, ఊ కొడతావా పెద్దాయనా?" అన్నాను.

వంటమ్మ లోపలి నుంచి అరిచింది. "పట్టపగలు కథలేంది సారూ! బాటన పోయేటోళ్లు దారి తప్పుతరు!"

ఆయన మాత్రం మర్యాదకు "ఊ" అన్నాడు. మా వైపు ఒకసారి ఊ కొట్టిన మనిషి కథ ముగిసేదాకా లేవడు. లేస్తే చెప్పేవాడిని అవమానించినట్టే. నాకు కావలసిందీ అదే. మొదటి గ్రహం నుంచి ఎత్తుకున్నాను.

"ఊ. గా చిలుక ఏం తింటది సారూ?"

"కరెంటు."

"ఊ. మరి కరెంటు పోతే?"

"ఆడ ఎండ తగ్గదు. ఎండతోనే చార్జరు నడుస్తది."

"ఊ. మా చేన్ల మోటరు గట్ల నడిస్తే బాగుండు."

కథ నాలుగో గ్రహం దాటుతుండగా బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. ఆయన కదల్లేదు. నేను రాజకుమారుడి రాకెట్టు దాకా వచ్చాను. అక్కడ ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆగుర్రి సారూ. గన్ని దినాలు గా నౌకలనే ఉన్నది గద పిల్ల. తనకు నడుపరాదా?"

(ఇన్ని గ్రహాలు పుట్టించినవాడికి ఆ ఆలోచనే రాలేదు!) రాకెట్టును మళ్లీ ఎత్తుకోబోతుంటే ట్రంకుపెట్టె మీది నుంచి ఒక గొంతు వినిపించింది.

"వస్తది బాపూ. సగం నేర్చుకున్నది."

సైలెంటు గొంతు నేను వినడం అదే మొదలు.

"సగమే? మిగిలింది?"

"ఆడ ఉంటేనే వస్తది. ఇంటికొస్తే రాదు."

ఆయన బిడ్డ వైపు తిరిగాడు. "మరి వాళ్ల బాపు?"

"వాళ్ల బాపు దసరాకు వచ్చి తోల్కపోతడు. మల్ల తెచ్చి దించుతడు."

"ఊ" అన్నాడాయన. ఈసారి మర్యాదకు అన్నట్టు లేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, పెట్టెను తనే ఎత్తి లోపల పెట్టి, మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు.

దసరాకు సంచి నిండా సీతాఫలాలతో వచ్చాడు. అవి నా చేతికిచ్చి, బిడ్డ వినకుండా పక్కకు పిలిచి అడిగాడు. "సారూ, కలుపు తీస్తాంటె యాదికొస్తది. గా చిలుకను ఎవ్వలు సంపలే గద. రాక్షసుడు బతికే ఉన్నట్టు. మల్ల పిల్ల జోలికి రాడు గద?"

"రాడు. చిలుక చార్జరు పిల్ల చేతిలనే ఉన్నది" అన్నాను, కన్ను కూడా ఆర్పకుండా. ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని బస్సెక్కాడు.

ఇప్పుడు నాకూ ఒక బిడ్డ ఉంది, దూరాన చదువుతోంది. రాక్షసుడు పిల్ల జోలికి రాడు గదా అన్న ఆయన ప్రశ్న నాకూ వచ్చిపోతుంటుంది. అలాంటప్పుడు సీతాఫలాల సంచి పట్టుకుని, అన్నీ తెలిసినట్టు నిలబడ్డ తల నిండా జుట్టున్న ఆ కుర్ర సారు గుర్తొస్తాడు. వాడే ఎదురైతే బాగుండుననిపిస్తుంది. అబద్ధమైతేనేం, అంత ధైర్యంగా నాకు జవాబు చెప్పేవాళ్లు ఇప్పుడెవరున్నారు?